మా పాఠశాలలోని ఉప్పునీటి తొట్టె

విజ్ఞానశాస్త్రపు గది ముంగిట నిలిచి, "మాస్టారూ, మీ సముద్రం ఎలా ఉందండీ?" అని నవ్వుచు అడుగుట మా పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులకు పరిపాటియైనది. ఈ సంవత్సరము వార్షికోత్సవమునాడు అట్లడిగిన వారికి మేము చూపగలిగినది నల్లగుడ్డ కప్పిన ఒక పెట్టె మాత్రమే. లోపల నేమున్నదో చూపుమని చిన్నపిల్లలు మారాము చేసిరి. గుడ్డ తీయుటకు వీలులేదని చెప్పి పంపివేసితిమి. ఆనాటి సందడిలో కారణము వివరించుట కవకాశము లేకపోయెను గనుక, ఈ సంచికలో వ్రాయుదుమని సంపాదకవర్గమునకు మాట యిచ్చితిమి. వ్రాయబోవుదానిలో మా తప్పులే ఎక్కువ. వానిలో ఒకటి నీటికి సంబంధించినది గాదు. తొమ్మిదవ తరగతి విద్యార్థి నొకని మనస్సు నొప్పించినది.

తొట్టెను 2024 జూలై మాసమున నిలిపితిమి. పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. రాళ్లును ఇసుకయు పోగా సుమారు రెండువందల లీటర్ల నీరు పట్టును. మన విద్యార్థులు పగడపు దిబ్బలనుగూర్చి పుస్తకములలో చదువుచున్నారేగాని చూచినవారు లేరు. గోదావరి కృష్ణలు తెచ్చు ఒండ్రును మంచినీటిని పగడపు జీవులు ఓర్వజాలవు. అందువలన ఆంధ్రతీరమున పెద్ద దిబ్బలు లేవు. వానిని చూడగోరినవారు మన్నారు సింధుశాఖకో, లక్షద్వీపములకో, అండమానులకో పోవలెను. విశాఖతీరమున నుండియు మన పిల్లలకు ఆ భాగ్యము లేదు గదా యని, చిన్న దిబ్బ నొకదానిని గదిలోనే కట్టదలచితిమి.

అయితే నిజమైన రాతిపగడములను మేము తేలేదు. దిబ్బలు కట్టు పగడము లన్నియు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చబడినవి. వానిని సముద్రమునుండి తీయుట నేరము. సున్నపురాతి ముక్కలను నెలదినములు నానవేసి పేర్చితిమి. బండల నడుమ గుంటలలో దొరకిన పిడికెడంత రాళ్లు నాలుగైదు వానితో చేర్చితిమి. ఒక మిత్రుడు తన తొట్టెలో పెంచి పిల్లలు చేసిన మెత్తని జీవులు, కుక్కగొడుగుల వలె విచ్చుకొనునవి, ఆరింటిని దయచేసెను. ఇవి పగడములకు చుట్టములేగాని రాతి గూడు కట్టవు. ఉప్పునీటిని, మా విద్యార్థి తండ్రియైన ఒక మత్స్యకారుడు, తీరమునకు దూరముగ తేటనీరున్న చోట పదునొకండు డబ్బాలలో నింపి తన పడవలో తెచ్చియిచ్చెను. డబ్బా కిరువది లీటర్లు. ధర యిచ్చిన పుచ్చుకొనలేదు. ఆయన కుమారుడే మేము ముందు చెప్పిన తొమ్మిదవ తరగతి విద్యార్థి.

తొట్టెలో నీరుండగనే చేపలను విడువరాదు. మేత మిగిలి కుళ్లినను, చేపలు విసర్జించినను అమోనియా పుట్టును. అది యెంత స్వల్పమైనను చేపకు విషమే. దానిని ఒక తెగ సూక్ష్మజీవులు నైట్రైటుగ మార్చును. మరియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగ మార్చును. ఈ జీవులు రాళ్లమీద, ఇసుకరేణువులమీద కాపురము పెట్టుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మేమును రొయ్యముక్క నొకదానిని వేసి, అమోనియా పెరిగి మరల తగ్గువరకు కాచియుంటిమి.

ఇచ్చట విద్యార్థులు విని సంతోషించిన సంగతి యొకటి చెప్పవలెను. 1850లో లండనునందు రాబర్టు వారింగ్టను అను రసాయనజ్ఞుడు తాను గాజుపాత్రలో బంగారుచేపలను, నీటిమొక్కను కలిపి యుంచి చేసిన పరిశీలనమును ప్రకటించెను. మొక్క ఆకులు చీకి నీటిని చెరుపజొచ్చెను. అతడు నీటినత్తలను విడువగా అవి చీకినదానిని తిని పాత్రను బాగుచేసెను. చేప, మొక్క, నత్త మూడును గూడి యొకదానికొకటి ఆధారమగునని అతడు చూపెను. ఆయన కుమారుని పేరును రాబర్టు వారింగ్టనే. ఇతడు రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాక్షేత్రమున పనిచేసి, అమోనియా నైట్రేటగుట రెండు మెట్లుగ జరుగుననియు, మెట్టు మెట్టునకు వేరు సూక్ష్మజీవి కలదనియు కనుగొనెను. వానిని వేరుపరచి పెంచుట మాత్ర మతనికి సాధ్యము కాలేదు. 1890లో రష్యాదేశీయుడగు వినోగ్రాడ్‌స్కీ దానిని సాధించెను. తండ్రి తొట్టె నడిపిన మర్మమును కొడుకు పొలపు మట్టిలో వెదకి పట్టెనన్నమాట.

ఆగస్టు నడుమ రెండు చిన్న చేపలను విడిచితిమి. నల్లచారలు గలవి, బండల గుంటలలో దొరకునవి. మేత వేయు పని ఆ విద్యార్థి కప్పగించితిమి. ఎండురొయ్యల పొడి దినమునకు చిటికెడు చొప్పున వేయవలెనని చెప్పితిమి. కొలదిదినములలో ఇసుకమీదను గాజుమీదను తుప్పువంటి పొర పట్టెను. సూక్ష్మదర్శినితో చూడగా అవి డయాటములు. గాజు పెంకులు తొడుగుకొన్న ఒంటికణపు జీవులు. ఆ పెంకులకు సిలికా కావలెను. క్రొత్త తొట్టెలో నిది సర్వసాధారణము, కొలదివారములలో పోవునని చదివియుంటిమి. అట్లే పోయెను. మా చదువునకు మేమే మురిసితిమి.

ఆ మురిపెము నిలువలేదు. సెప్టెంబరు రాగానే రాళ్లకు పచ్చని వెండ్రుకలు మొలచెను. మొదట అందముగనే యుండెను. పదిదినములకు బెత్తెడు పొడవై, కుక్కగొడుగు జీవులలో రెండింటిని కప్పివేసెను. పెరికిన మరల మొలచును. నీటిని పరీక్షించితిమి: లీటరునకు నైట్రేటు 5 మిల్లీగ్రాములు మాత్రమే. ఇంత తక్కువగ నుండగా ఈ పాచి కెచ్చటినుండి బలము వచ్చుచున్నది? మేత యెక్కువయైనదని నిశ్చయించితిమి. మధ్యాహ్న భోజనవేళ ఆ విద్యార్థి తొట్టెయొద్దనే నిలిచియుండుట చూచియుంటిమి గనుక, చాటుగ వేయుచున్నాడని యనుమానము కలిగెను. పిలిచి అడిగితిమి.

"లేదండీ మాస్టారూ, చిటికెడే వేస్తున్నానండీ."

మేము నమ్మలేదు. తరగతి వినుచుండగనే, "చేపలమీద ప్రేమ యుండిన చాలదు, చెప్పిన మాట వినవలెను" అని మందలించి, మేతడబ్బా తాళపుచెవిని పుచ్చుకొని, తొట్టెయొద్దకు రావలదంటిమి. అతడు మారుపలుకలేదు. ఆ తరువాత భోజనవేళ కిటికీ వెలుపల నిలిచి చూచుచుండెడివాడు.

పాచి తగ్గలేదు. దసరా సెలవులు వచ్చెను. సెలవులలో మేత వేయవలదనియు, ఆవిరియై తగ్గిన నీటిని మాత్రము ప్రతిదినము నింపవలెననియు కాపలాదారునకు చెప్పి వెళ్లితిమి. ఉప్పునీటి తొట్టెలో ఆవిరియగునది మంచినీరే, ఉప్పు నిలిచియుండును. కాబట్టి తరుగునకు మంచినీరే పోయవలెను. వేడిమి తగ్గుటకై పంకా పెట్టియుంటిమి గనుక దినమునకు నాలుగు లీటర్లు తరుగుచుండెను. ఆ నాలుగు లీటర్లు పాఠశాల గొట్టపుబావి నీరు.

మరల వచ్చి చూతుము గదా, వారము దినములు మెతుకు పడని తొట్టెలో పాచి నాలుగు వేళ్లు పెరిగియున్నది!

ఆనాడే విద్యార్థి తండ్రి, తొట్టె నీరు మార్చుటకై మరి రెండు డబ్బాల సముద్రపు నీరు తెచ్చెను. కుమారుని సంగతి అతనికి తెలిసియే యుండును. మా యెదుట ఆ మాట యెత్తలేదు. మూలనున్న బోరునీటి బాల్చీని చూచి, "ఈ నీళ్లే పోత్తన్నారా బాబూ? మా గోళెంలో రెండ్రోజులుంటే పచ్చగా కట్టేత్తాది. వాననీళ్లయితే అంత తొందరగా కట్టదు" అనెను.

ఆయన వెళ్లిన పిమ్మట చేసిన మొదటిపని బోరునీటిని పరీక్షించుట. మూడు నెలలుగ తొట్టెనీటిని వారమున కొకసారి పరీక్షించుచుండిన మాకు, దానిలో పోయు నీటిని ఒక్కసారియైన పరీక్షింపవలెనను తలంపు రాకపోవుట యెట్లు జరిగినదో ఇప్పటికిని చెప్పలేము. లీటరునకు 40 మిల్లీగ్రాముల నైట్రేటు కలదు. మన దేశపు ప్రమాణమునుబట్టి త్రాగునీటిలో 45 వరకు ఉండవచ్చును. కావున మనుష్యులకు పనికివచ్చు నీరే, తొట్టెకు పనికిరానిది. ఆ సాయంకాలము తరగతి నల్లబల్లమీద లెక్క కట్టితిమి. దినమునకు నాలుగు లీటర్లు, లీటరునకు 40 చొప్పున 160 మిల్లీగ్రాములు. వారమునకు 1120. రెండువందల లీటర్లకు పంచిన, లీటరునకు వారమునకు ఐదున్నర పైచిలుకు. ఇది పది వారములు సాగినది. తొట్టెలో లీటరునకు ఏబది మిల్లీగ్రాములు పేరుకొనియుండవలసినది మాకు ఐదే కనబడుటకు కారణ మేమనగా, తక్కినదానిలో చాలవరకు పాచియే తిని కూర్చున్నది. నీటిలో మిగిలినదానిని కొలిచి, పాచిలో నిలువయున్నదానిని మేము లెక్కింపలేదు.

చిటికెడు మేతను కూడ తూచితిమి. పావుగ్రాము. ఎండురొయ్యపొడిలో మాంసకృత్తు నూటికి అరువది పాళ్లనుకొనినను, అందలి నత్రజని యంతయు నైట్రేటుగ మారినను, సుమారు నూరు మిల్లీగ్రాములే యగును. అందులోను కొంత చేపల శరీరమున చేరును, కొంత నురుగు తీయు యంత్రము పైకి లాగివేయును. విద్యార్థి వేసినదానికంటె మేము పోయించినదే యెక్కువ.

మరునాడు తరగతి యెదుట అతనిని పిలిచి, తప్పు మాదని చెప్పితిమి. తరగతి వినుచుండగ మందలించితిమి గనుక తరగతి వినుచుండగనే చెప్పవలసియుండెను. చెప్పుటకు మేమనుకొన్నంత తేలిక కాలేదు. అతడు తల వంచుకొని కొంతసేపు నిలిచి, "అయితే ఇవాళ మేత నేనే వెయ్యొచ్చాండీ?" అని యడిగెను. తాళపుచెవి ఇచ్చితిమి.

అటుపిమ్మట మంచినీటి కేంద్రమునుండి వడపోసిన నీటిని తెప్పించి దానినే పోయసాగితిమి. దీపము వెలుగు కాలమును పదిగంటలనుండి ఏడింటికి తగ్గించితిమి. పాచిని చేతితో పెరికి బాల్చీలో వేసితిమి; పెరికి పారవేసిన పిడికెడు పాచితో దానిలోని నత్రజనియు భాస్వరమును కూడ తొట్టెను విడిచిపోవును గనుక ఇది మొరటుపని యైనను మంచి పని. ఇవన్నియు జరిగినను, విద్యార్థి బండలమీదినుండి ఏరితెచ్చిన పండ్రెండు నత్తలు రానిదే రాళ్లు తెల్లబడలేదు. ఏ నత్త రాత్రివేళ పాచి గీకునో, ఏది మాంసము తినునో అతనికి తెలియును. మాకు తెలియదు.

మేయువారు లేనిచో ఏమగునో జమైకా ద్వీపమున లోకమునకు తెలిసినది. అచ్చటి పగడపు దిబ్బలమీద పొడవైన నల్లని ముండ్లుగల బంతులవంటి సముద్రజీవులు పాచిని మేయుచుండెడివి. 1983లో అంతుతెలియని తెగులు తగిలి, ఏడాది తిరుగునంతలో కరిబియను సముద్రమంతట వానిలో నూటికి తొంబది పాళ్లకు పైగ చచ్చెను. పాచి తిను చేపలను జనులు అంతకుముందే పట్టివేసియుండిరి. 1980లో పెద్ద తుఫాను దిబ్బలను విరుగగొట్టియుండెను. 1970 దశకపు చివర దిబ్బలమీద సగమునకుపైగ పగడమే యుండగా, 1990 దశకము తొలినాళ్లకు అది నూటికి ఐదు పాళ్లలోపునకు దిగి, పాచి తొంబది పాళ్లు ఆక్రమించెను. మా నాలుగడుగుల తొట్టెలో సెప్టెంబరునందు జరిగినదియు ఇంచుమించు ఇదియే.

డిసెంబరు నాటికి తొట్టె కన్నులపండువుగ నుండెను. ఇక్కడ ఆగియుండిన బాగుండును. వార్షికోత్సవము ఫిబ్రవరిలో గదా, అతిథులు వత్తురు గదా, పాచి పోగు కూడ కనబడరాదని మాకు పట్టుదల పుట్టెను. భాస్వరమును పీల్చు ఇనుపతుప్పు గుళికలను తెచ్చి సంచిలో వ్రేలాడదీసితిమి. మేతను దినము విడిచి దినము వేయుమంటిమి. "చేపలు చిక్కిపోతన్నాయండీ" అని విద్యార్థి రెండుమారులు చెప్పెను. జనవరి చివర పరీక్షలో నైట్రేటు సున్న, ఫాస్ఫేటు సున్న. ఆ కాగితమును గోడకు అంటించితిమి.

ఫిబ్రవరి మొదటి వారమున ఇసుకమీద గోధుమవన్నె జిగట కనబడెను. డయాటములు మరల వచ్చినవనుకొంటిమి. కాని ఇది చీమిడివలె సాగుచు, గాలిబుడగలను పట్టుకొని తీగలు తీగలుగ లేచుచుండెను. రాత్రి సన్నగిల్లును, మధ్యాహ్నమునకు మరల దట్టమగును. మూడవనాడు నత్తలు గాజునుండి జారి వెల్లకిల పడియుండెను. పండ్రెండింటిలో ఏడు చచ్చెను. కుక్కగొడుగు జీవులు గోలీలవలె ముడుచుకొనెను.

చుక్క జిగటను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, మొదట విద్యార్థినే చూడుమంటిమి. "గింజల్లా ఉన్నాయండీ. దారానికి కట్టినట్టు ఒక్కచోటే గిరగిర తిరుగుతున్నాయండీ" అనెను. డయాటములు అట్లు తిరుగవు. ఇవి డైనోఫ్లాజెల్లేటులు. వీనిలో కొన్ని జాతులు విషముగలవి. వానిని తిన్న నత్తలు చచ్చును. ఇవి ఎండవెలుగుతో ఆహారము చేసికొనుటయేగాక, పలు జాతులు తక్కిన సూక్ష్మజీవులను మ్రింగియు బ్రదుకగలవు. నీటిలో నత్రజనియు భాస్వరమును బొత్తిగ లేకుండ చేసినప్పుడు పచ్చపాచియు, మేలుచేయు బాక్టీరియాయు పస్తుండి నశించును. చోటు ఖాళీయగును. పస్తుకు ఓర్చునది వచ్చి కూర్చుండును. వింతయేమనగా, కుక్కగొడుగు జీవుల శరీరములో కాపురముండి వానికి ఆహారము సమకూర్చు బంగారువన్నె కణములును ఈ డైనోఫ్లాజెల్లేటుల వంశమువే. వానికిని నత్రజని భాస్వరములు కావలెను. గోడకు అంటించిన ఆ సున్నలతో మేము వానిని మలమల మాడ్చితిమి.

గుళికల సంచిని తీసివేసితిమి. నీరు మార్చుట మానితిమి. విషము పీల్చుటకై బొగ్గు వేసితిమి. మూడుదినములు దీపము లార్పి, వెలుగు సోకకుండ నల్లగుడ్డ కప్పితిమి. ఆ మూడుదినములలో రెండవది వార్షికోత్సవదినము. హెడ్మాష్టరుగారు, "కనీసం ఒక్క గంట తీయకూడదా?" అని అడిగిరి. ఆయన అతిథులకు ముందుగనే చెప్పియుండిరి పాపము. తీసిన మొదటినుండి మరల కప్పవలసివచ్చునని విన్నవించుకొంటిమి. ఆయన నవ్వి ఊరకొనిరి. అతిథి యొకరు, లోపల దయ్యమేమైన ఉన్నదా యని పరిహాసమాడిరి.

గుడ్డ తీసిన నాడు విద్యార్థిని పిలిచి, ఇకమీదట దినమునకు రెండుమారులు మేత వేయవలెనని చెప్పితిమి. అతడు మా ముఖమువంక చూచెను. నవ్వకుండుటకు అతడు పడిన ప్రయాసము మాకు కనబడకపోలేదు. "రెండు చిటికెలాండీ?" అనెను. రెండు చిటికెలే యంటిమి.

జిగట ఒక్కసారి పోలేదు. వచ్చును, తగ్గును. ఆరు వారములు పట్టెను. మార్చి చివర రాళ్లమీద మరల పలుచని పచ్చదనము కనబడినప్పుడు, సెప్టెంబరులో శత్రువని పెరికిన దానినే చూచి సంతోషించితిమి. ఇది వ్రాయునాటికి నైట్రేటు లీటరునకు 5 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 0.05. సెప్టెంబరులోను ఐదే, నేడును ఐదే. అయితే ఆనాటి ఐదు బెత్తెడు పాచి తినగా మిగిలినది. కుక్కగొడుగు జీవులు ఆరింటిలో నాలుగు బ్రదికినవి. ఒకటి చీలి రెండగుచున్నది. వెనుక గాజుమీద గులాబివన్నె మచ్చలు పట్టుచున్నవి. ఇదియు ఒక పాచియే. సున్నముతో గట్టిపడి రాతిని అంటుకొనునది, దిబ్బలను అతుకువేయునది. ఎడమమూల రాతిపై పచ్చనికుచ్చు ఒకటి బొటనవ్రేలంత కలదు. దానిని పెరుకవలదని విద్యార్థి యభిప్రాయము. క్రొత్తగ తెచ్చిన నత్తలకు ఉండనిమ్మనుచున్నాడు. ఉండనిచ్చితిమి.

వేసవి సెలవులలో తొట్టెను చూచుట కతడు ఒకనాడు విడిచి ఒకనాడు వచ్చుటకు ఒప్పుకొనినాడు. మేతకు, నీటికి, పరీక్షలకు వేరువేరు గడులు గీచి ఒక నోటుపుస్తకము ఇచ్చితిమి. పోయు నీటి పరీక్షకు గడి గీయుట మరచితిమని, దానిని తానే ఎఱ్ఱసిరాతో చేర్చి నిన్న తెచ్చి చూపినాడు.